ఎదుటి కారు బీమా ఎవరిది?

బ్రిటన్‌లో కారు ప్రమాదం జరిగినప్పుడు ఎదుటి బండి బీమా వివరాలు అక్కడికక్కడే దొరకకపోయినా కొంప మునిగేదేమీ ఉండదు. బండి నంబరు ఉంటే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, క్లెయిముల విభాగం చిరునామా ఆ తర్వాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని కనుక్కోవచ్చు. తర్వాత కనుక్కోలేనిది వేరే ఉంది. ఆ క్షణాన ఆ బండి నడిపిన మనిషి ఎవరు అన్నది. రోడ్డు పక్కన దొరికే ఐదు పది నిమిషాల్లో చాలామంది బీమా కాగితం కోసం వాదులాడి, పేరూ చిరునామా అడగడం మర్చిపోతారు. అక్కడి చట్టం మాత్రం ముందుగా చెప్పమన్నది పేరునే.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లినవాళ్లకు ఈ పద్ధతి కొత్త. తెలుగు రాష్ట్రాల్లో రెండు బండ్లు గుద్దుకుంటే నలుగురూ మూగుతారు, తప్పెవరిదో నిమిషాల్లో తేల్చేస్తారు, ఇంత ఇచ్చి కదలమంటారు. దెబ్బలు తగిలితే వ్యవహారం పోలీస్ స్టేషనుకు చేరుతుంది. ఎఫ్.ఐ.ఆర్., బీమా కాగితాల నకలు, ఆ పైన మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. భారతదేశపు మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. పరిహారం కోరే మనిషి అడిగితే బండి గుర్తులు, ప్రమాద సమయంలో దాన్ని వాడినవారి పేరు, చిరునామా స్టేషను అధికారి ఇచ్చి తీరాలని దాని 160వ సెక్షను చెబుతుంది. బ్రిటన్ రోడ్ ట్రాఫిక్ చట్టం కూడా 1988 నాటిదే. అయితే అక్కడ గుంపు చేరదు. ఎవరికీ గాయాలు తగలక, రోడ్డుకు బండ్లు అడ్డం లేకపోతే పోలీసులు సాధారణంగా రారు. వివరాలు రాసుకునే పని ఆ ఇద్దరు డ్రైవర్లదే. పైగా అక్కడ నివాసం మొదలైన 12 నెలల దాకా భారతీయ లైసెన్సుతోనే కారు నడపవచ్చు. ఆ దేశపు పద్ధతులు ఒంటబట్టకముందే స్టీరింగు పట్టినవాళ్లు తక్కువేమీ కాదు.

ప్రమాదం జరిగాక ఎవరు ఏం చేయాలో రోడ్ ట్రాఫిక్ చట్టంలోని 170వ సెక్షను చెబుతుంది. ఇంకొకరికి గాయమైనా, ఇంకొకరి బండికో ఆస్తికో నష్టం జరిగినా డ్రైవరు ఆగాలి. అడిగే హక్కున్నవారు అడిగితే తన పేరు, చిరునామా, బండి తనది కాకపోతే యజమాని పేరు, చిరునామా, బండి నంబరు చెప్పాలి. ఆ జాబితాలో బీమా కంపెనీ పేరు లేదు. మనిషికి గాయమైతేనే బీమా సర్టిఫికెట్టు చూపాలన్న నియమం వర్తిస్తుంది. అక్కడ వివరాలు ఇవ్వలేకపోయినా, గాయాల కేసులో సర్టిఫికెట్టు చూపలేకపోయినా వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపల, పోలీసులకు తెలపాలి. సర్టిఫికెట్టు మాత్రం 7 రోజుల్లోగా స్టేషనులో చూపినా చెల్లుతుంది. ఆగకుండా పోయినవాళ్లకు జరిమానా, లైసెన్సు మీద 5 నుంచి 10 పాయింట్లు, గరిష్ఠంగా ఆరు నెలల జైలు. ఈ సెక్షను జంతువుల్నీ వదల్లేదు. గుర్రం, పశువు, గాడిద, కంచర గాడిద, గొర్రె, పంది, మేక, కుక్క – వీటిలో దేన్ని గుద్దినా ఆగాల్సిందే. పిల్లి పేరు జాబితాలో లేదు. దీని మీద అక్కడి జంతుప్రేమికులకు ఇప్పటికీ కోపమే.

మరి బీమా పేరు చెప్పాల్సిన బాధ్యత ఎక్కడ వస్తుంది? 154వ సెక్షనులో. ప్రమాదం తాలూకు క్లెయిము తన మీదికి వచ్చాక, అవతలివారు అడిగితే, బీమా ఉందో లేదో, ఉంటే దాని వివరాలేమిటో చెప్పాలి. సరైన కారణం లేకుండా చెప్పకపోయినా, తప్పు చెప్పినా నేరం. అంటే బీమా వివరాలు అడిగే హక్కు క్లెయిముతో పాటు వస్తుంది. పేరూ చిరునామా అడిగే హక్కు ప్రమాదం జరిగిన నిమిషం నుంచే ఉంటుంది. రోడ్డు మీద ఏది ముందు అడగాలో ఈ రెండు సెక్షన్లే తేల్చేస్తున్నాయి.

ఇక్కడ క్షమాపణ సంగతి ఒకటి ఉంది. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టే, నోరు మెదపొద్దు అని అక్కడి తెలుగు కుటుంబాల్లో కొత్తవాళ్లకు చెప్పి పంపుతుంటారు. ఆ భయం కొంత అతి. ఇంగ్లండు, వేల్సుల్లో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం, స్కాట్లండులో 2016 నాటి అపాలజీస్ చట్టం ఇలాంటి మాటలకు రక్షణ ఇచ్చాయి. క్షమాపణ చెప్పినంత మాత్రాన బాధ్యత మీద పడదు. అయితే ‘‘తప్పంతా నాదే, డబ్బు కట్టేస్తాను’’ అనడం క్షమాపణ కాదు, ఒప్పుకోలు. అలా అన్నవాళ్లకు సొంత బీమా కంపెనీతోనే పేచీ వస్తుంది.

ఇక నంబరు. 2001 సెప్టెంబరు నుంచి వచ్చిన ప్లేట్లలో ఏడు గుర్తులుంటాయి. మొదట రెండు అక్షరాలు, తర్వాత రెండు అంకెలు, కొంత ఎడమిచ్చి మూడు అక్షరాలు. మొదటి రెండూ బండి ఏ ప్రాంతంలో రిజిస్టరైందో చెబుతాయి. అంకెలు ఏ ఆరునెలల్లో రోడ్డెక్కిందో చెబుతాయి. 2024 మార్చి నుంచి ఆగస్టు దాకా 24, ఆ సెప్టెంబరు నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా 74. ముందు ప్లేటు తెలుపు, వెనకది పసుపు. ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం, సున్నా ఆ ప్లేట్ల మీద ఒకేలా కనబడతాయి. మూడో నాలుగో స్థానంలో ఉంటే సున్నా, మిగతా చోట్ల ఉంటే ఓ. ఐ అక్షరాన్ని ఈ వరసలో అసలు వాడరు కాబట్టి నిలువుగీత కనబడితే అది ఒకటి అంకె. వానలో, చీకట్లో, గుండె దడదడలాడుతుండగా రాసుకున్న నంబరును ఇంటికొచ్చాక ఇలా సరిచూసుకోవచ్చు. ఫోనుతో ఫొటో తీస్తే ఈ బాధే ఉండదు. ప్లేటు ఒక్కటే కాక బండి మొత్తం, రంగు, కంపెనీ పేరు, రోడ్డు మీద రెండు బండ్లూ ఆగిన తీరు పడేలా తీస్తే మరీ మంచిది. ఎందుకంటే వేరే బండి నంబరు దొంగిలించి తగిలించుకున్న కార్లు అక్కడ తిరుగుతుంటాయి. నంబరు కొడితే ఆ బండి ఏ కంపెనీది, ఏ రంగు, దాని రోడ్డు పన్ను గడువెప్పుడు అన్నవి ప్రభుత్వ వెబ్‌సైటు ఉచితంగానే చూపిస్తుంది. ఫొటోలో తెల్ల కారు, వెబ్‌సైటులో నీలం కారు ఉంటే ప్లేటు దొంగదని అనుమానించాల్సిందే.

బీమా రుజువు అద్దం మీద అంటించే పద్ధతి బ్రిటన్‌లో లేదు. పక్కనున్న ఐర్లండు రిపబ్లిక్‌లో చాలాకాలంగా బీమా బిళ్ల అంటిస్తున్నారు. బ్రిటన్‌లో ఒకప్పుడు అద్దం మీద కనబడిన గుండ్రటి బిళ్ల బీమాది కాదు, రోడ్డు పన్నుది. 2014 అక్టోబరు 1 నుంచి అదీ పోయింది. కాబట్టి బీమా సంగతి తేలాల్సింది బండి మీద కాదు, ఒక జాబితాలో. ఆ జాబితా వెనుక తొంభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది. ఇతరులకు చేసే గాయాలకు బీమా తప్పనిసరి చేసింది 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం. చట్టం వచ్చినా బీమా లేకుండా నడిపేవాళ్లు మానలేదు. వాళ్లు గుద్దినవాళ్లకు తీర్పు చేతికి వచ్చేది, డబ్బు వచ్చేది కాదు. దీన్ని పరిశీలించిన కాసెల్ కమిటీ 1937లో నివేదిక ఇచ్చింది. యుద్ధం ముగిశాక, 1946లో, బీమా కంపెనీలన్నీ కలిసి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఏర్పాటు చేశాయి. మోటారు బీమా అమ్మే ప్రతి కంపెనీ ఇందులో సభ్యత్వం తీసుకోవాలి. ఖర్చంతా కంపెనీలు పెట్టుకుంటాయి. అంటే చివరికి సక్రమంగా ప్రీమియం కట్టేవాళ్ల జేబులోంచే. మిల్టన్ కీన్స్‌లో ఉన్న ఈ బ్యూరో దేశంలోని బీమా ఉన్న బండ్ల జాబితాను కంప్యూటర్లో నిర్వహిస్తుంది. రోడ్డు పక్కన పోలీసు కెమెరాలు నంబర్లు చదివి బీమా లేని బండిని పట్టేది ఈ సమాచారంతోనే.

ప్రమాదానికి గురైనవాళ్లు ఈ జాబితాను రుసుము కట్టి చూడవచ్చు. ఇటీవల ఆ రుసుము 10 పౌండ్లు. ఏళ్ల తరబడి ఆస్క్‌మిడ్ అన్న పేరుతో నడిచిన ఈ సేవను బ్యూరో నావిగేట్ అనే కొత్త వ్యవస్థలోకి మార్చింది. అడిగేవారి వివరాలు, ప్రమాదం తేదీ, ఎదుటి బండి నంబరు ఇవ్వాలి. ఊరికే పక్కింటివాళ్ల కారు బీమా ఎవరిదో చూద్దామంటే కుదరదు, ప్రమాదం కారణంగా చూపాలి. జవాబుగా కంపెనీ పేరు, పాలసీ నంబరు, క్లెయిములకు ఎవరిని సంప్రదించాలో వస్తుంది. పాలసీదారు పేరు రాదు, డ్రైవరు పేరు అంతకన్నా రాదు. ఈ రుసుము కూడా అక్కర్లేని దారి ఒకటుంది. సొంత బీమా కంపెనీకి ఫోను చేసి నంబరు చెబితే అదే జాబితాను వాళ్లు చూసిపెడతారు. సమగ్ర పాలసీ ఉన్నవాళ్లకు ఇదే తేలిక. ప్రమాదాన్ని సొంత కంపెనీకి తెలపడం ఎలాగూ పాలసీ షరతే. క్లెయిము వేయకపోయినా తెలపాలి. రోడ్డు మీద చేతిలో నాలుగు నోట్లు పెట్టి ముగించే ఊరి అలవాటు అక్కడ ఎదురు తిరిగేది ఇందుకే. నోట్లు పుచ్చుకున్నవాళ్లు నెల తర్వాత మెడనొప్పి క్లెయిము వేస్తే, తెలపని ప్రమాదం గురించి కంపెనీకి సంజాయిషీ చెప్పుకోవాలి.

కంపెనీ పేరు తెలిశాక నేరుగా దానికే రాయవచ్చు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉండి, సొంత కారు బాగుకు తన కంపెనీ పైసా ఇవ్వనివాళ్లకు ఇదే మార్గం. క్లెయిము అందిన మూడు నెలల్లోగా బీమా కంపెనీ పరిహారం ఎంతో చెప్పడమో, ఎందుకు ఇవ్వదో కారణాలతో జవాబివ్వడమో చేయాలని ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ నిబంధన. ఆలస్యం చేస్తే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోదామనుకుంటే నిరాశే. ఎదుటివారి కంపెనీకి బాధితుడు ఖాతాదారు కాడు గనుక ఆ ఫిర్యాదును సాధారణంగా తీసుకోరు. ఇంగ్లండు, వేల్సుల్లో చిన్న గాయాలకు 2021 మే 31 నుంచి అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్ అనే పోర్టల్ ఉంది. గాయం విలువ 5,000 పౌండ్లు మించని కేసులు అందులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు.

జాబితాలో బీమా లేదని వస్తే వెంటనే ఎదుటివాణ్ణి దొంగ అనుకోనక్కర్లేదు. నంబరు తప్పు రాసుకుని ఉండవచ్చు. పాలసీ ముందు రోజే తీసుకుని ఉంటే ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు. ప్రభుత్వ వాహనాల్లో కొన్నింటికి చట్టమే బీమా మినహాయింపు ఇచ్చింది, వాటికి ఆ శాఖే పూచీ. ఇవేవీ కాకపోతే అది నిజంగా బీమా లేని బండి. పోలీసులు ఆ బండిని స్వాధీనం చేసుకోవచ్చు. నడిపినవారికి 300 పౌండ్ల జరిమానా, 6 పాయింట్లు. కోర్టుకెక్కితే జరిమానాకు పరిమితి లేదు. బాధితుడికి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో 2015 నాటి ఒప్పందం కింద పరిహారం ఇస్తుంది. ఆ ఒప్పందం బ్యూరోకూ ప్రభుత్వానికీ మధ్య జరిగింది. ఇందులో తెలుగు విద్యార్థులకు తగిలే సంగతి ఇంకొకటి ఉంది. చవకగా బీమా ఇప్పిస్తామని వాట్సాప్‌లోనూ తెలిసినవాళ్ల ద్వారానూ దొంగ పాలసీలు అమ్మే దళారులు బ్రిటన్‌లో ఉన్నారు. ఘోస్ట్ బ్రోకర్లంటారు వాళ్లను. సర్టిఫికెట్టు అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, జాబితాలో మాత్రం బండి ఉండదు. కొన్నవాడు తాను బీమా కట్టాననే నమ్ముతాడు, చట్టం దృష్టిలో కట్టనట్టే లెక్క. సొంత బండి జాబితాలో ఉందో లేదో చూసుకోవడానికి బ్యూరో రుసుము తీసుకోదు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద భోజనం పార్సిళ్లు తిప్పే బండి సంగతి వేరు. అది జాబితాలో కనబడుతుంది. సాధారణంగా ఆ కంపెనీయే బాధితుడికి చెల్లించి, తర్వాత నడిపినవాడి దగ్గర వసూలుకు దిగుతుంది.

మరి మనిషి పేరు? డ్రైవర్ల, వాహనాల లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ, స్వాన్సీలోని డి.వి.ఎల్.ఎ. దగ్గర బండ్ల రిజిస్ట్రేషను వివరాలుంటాయి. సహేతుకమైన కారణం చూపి, వి 888 అనే దరఖాస్తు నింపి, 2.50 పౌండ్లు కడితే బండి ఎవరి పేర రిజిస్టరైందో చెబుతారు. ప్రమాదం చేసి వెళ్లిపోయిన బండి ఆచూకీ సహేతుక కారణాల్లో ఒకటి. కానీ ఇక్కడ దొరికేది రిజిస్టర్డ్ కీపర్ పేరు. బండి బాధ్యత చూసే మనిషి అన్నంత వరకే దాని అర్థం. ఆ మనిషి యజమాని కావాలని లేదు, ఆ రోజు నడిపినవాడు కావాలని అసలు లేదు. కంపెనీ కారైతే కంపెనీ పేరుంటుంది, అద్దె కారైతే అద్దె సంస్థ పేరుంటుంది. నడిపినదెవరో పోలీసులు అడిగితే కీపర్ చెప్పాలి, చెప్పకపోతే అది నేరం. బాధితుడు అడిగితే చెప్పాలన్న నియమం ఇక్కడ లేదు.

ఈ లోటు ఎంత లోతైందో ఒక కేసు చూపింది. 2013 మే 26న ఒక మహిళ కారును నిస్సాన్ మైక్రా గుద్దింది. డ్రైవరు ఆగకుండా వెళ్లిపోయాడు. మైక్రా నంబరు మాత్రం దొరికింది. నంబరు ద్వారా కీపర్ దొరికాడు. నడిపింది అతను కాదు, నడిపినదెవరో చెప్పలేదు, చెప్పనందుకు శిక్ష పడింది. నంబరు ద్వారా బీమా కంపెనీ కూడా దొరికింది, లివర్‌పూల్ విక్టోరియా. తీరా చూస్తే పాలసీ ఉన్నది ఒక కల్పిత వ్యక్తి పేరున అని కంపెనీ నమ్మకం. నంబరు ఉంది, కీపర్ ఉన్నాడు, బీమా ఉంది, డ్రైవరు లేడు. ఫలానా రోజు ఫలానా నంబరు బండి నడిపిన వ్యక్తి అంటూ, పేరు లేకుండానే అతని మీద దావా వేస్తామని బాధితురాలి తరఫువాళ్లు అడిగారు. అప్పీలు కోర్టు సరేనంది. 2019 ఫిబ్రవరి 20న సుప్రీం కోర్టు కాదంది. తీర్పు రాసిన లార్డ్ సంప్షన్ చూపిన కారణం సూటిగా ఉంది. దావా పడిందని ఆ మనిషికి తెలియజేసే మార్గమే లేనప్పుడు అతన్ని కోర్టు పరిధిలోకి తెచ్చినట్టు కాదు. డ్రైవరు మీద తీర్పు లేనిదే, చట్టం ప్రకారం ఆ తీర్పును తీర్చాల్సిన బాధ్యత కంపెనీ మీదికి రాదు. 2002 నాటి నిబంధనలు బీమా కంపెనీ మీద నేరుగా దావా వేయనిస్తాయి గానీ, పాలసీ వర్తించే మనిషి నడిపినప్పుడే.

ఆమెకు మిగిలిన దారి మళ్లీ మోటార్ ఇన్సూరర్స్ బ్యూరోయే. డ్రైవరు ఎవరో తేలని ప్రమాదాలకు విడి ఒప్పందం ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 నాటిది. అందులో కోర్టు ఉండదు, దరఖాస్తును బ్యూరోయే విచారించి తేలుస్తుంది. లాయరు ఖర్చులు కోర్టులో వచ్చినంతగా రావు. ఆమె ఆ దారి వద్దనుకుని కోర్టుకెళ్లింది ఎందుకో స్పష్టంగా లేదని తీర్పే అంది. గాయాలకు ఈ ఒప్పందం ఆదుకుంటుంది. బండి ఏదో కూడా తేలకపోతే, తీవ్రమైన గాయాలు లేని చోట కారు నష్టానికి డబ్బు రాదు. పార్కింగులో నిలిపిన కారును ఎవరో గీరిపోతే, అద్దం మీద చీటీ లేకపోతే, సొంత సమగ్ర పాలసీ మీద పడటమే. దుకాణం కెమెరా గానీ పక్క కారు డాష్‌క్యామ్ గానీ నంబరు పట్టిందేమో అడగడం ఆ రోజే జరగాలి. చాలాచోట్ల రికార్డింగు కొన్నాళ్లకు చెరిగిపోతుంది.

విదేశీ నంబరున్న లారీ లండను చుట్టూ తిరిగే ఎం25 రహదారి మీద గుద్దితే వెతకాల్సిన తీరు మారుతుంది. ఆ బండి బ్రిటన్ జాబితాలో ఉండదు. ఒక దేశపు బండి బీమాను ఇంకో దేశంలో గుర్తించే గ్రీన్ కార్డు ఏర్పాటులో బ్రిటన్ తరఫు బ్యూరో కూడా మోటార్ ఇన్సూరర్స్ బ్యూరోయే కావడం వల్ల, లారీ వచ్చిన దేశపు బీమా కంపెనీని వెతికే పని అదే చూస్తుంది. లారీ ముందు భాగానిదీ వెనక ట్రెయిలరుదీ నంబర్లు వేరుగా ఉండవచ్చు గనుక రెండూ రాసుకోవాలి. ఏ దేశపు ప్లేటో, లారీ పక్కన రాసి ఉన్న సంస్థ పేరేమిటో కూడా పనికొస్తాయి.

క్లెయిము కోర్టు దాకా వెళితే, దావా వేయడానికి ముందుగానో వేసిన 7 రోజుల్లోగానో ఎదుటి బీమా కంపెనీకి నోటీసు చేరాలి. లేకపోతే తీర్పు గెలిచినా దాన్ని కంపెనీ చేత కట్టించడం కష్టం. దావా గడువు గాయాలకు సాధారణంగా మూడేళ్లు. కారు నష్టానికి ఇంగ్లండు, వేల్సుల్లో ఆరేళ్లు, స్కాట్లండులో ఐదేళ్లు.